పొద్దున చెరువు కట్ట మీద తెగని నూలు, మధ్యాహ్నం ఇంట్లో ఎందుకు తెగుతోంది?

గడియారం సెంటర్ టైలరమ్మ, నల్లగొండ

అందరికీ నమస్తే. నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర జాకెట్లు కుట్టే టైలర్ని. పందొమ్మిదేళ్లుగా మిషన్ తొక్కుతున్నాను. పొద్దున లేస్తే దారం నా వేళ్ల మధ్యనే ఉంటుంది, కానీ అది ఎట్లా పుడుతుందో మొన్నటి దాకా తెలియదు. తెలుసుకుందామని కూర్చుని చిక్కులో పడ్డాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

బతుకమ్మ, దసరా, దీపావళి. ఈ మూడూ దాటేసరికి ప్రతి ఏడూ నా మెడ పట్టేస్తుంది. "అక్కా, రేపు పొద్దున బస్సుకి పోవాలి, ఈ రెండూ కుట్టివ్వవా" అని రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాళ్లు, లైనింగ్ ఇవ్వడం మర్చిపోయి కొట్లాడేవాళ్లు, అన్నీ అయ్యాయి. పెళ్లిళ్ల ఆర్డర్లు మొదలవకముందే ఒక్క రోజు నాకని ఉంచుకోవాలనుకున్నాను. మొన్న మంగళవారం షట్టరు మీద "రేపు రండి" అని చాక్‌పీసుతో రాసి, ఫోను మా ఆయన చేతిలో పెట్టేశాను.

మా తాతది ఒక పెట్టె రాట్నం ఉంది. 1951 ఏప్రిల్‌లో భూదానం వినోబా పోచంపల్లికి వచ్చినప్పుడు తాత చూడ్డానికి నడిచి వెళ్లాడట, ఆ తర్వాత ఎప్పుడో దీన్ని తెచ్చుకున్నాడట. మూత తీస్తే రెండు చక్రాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఎడమ పక్కన కదురు (నూలు చుట్టుకునే సన్నటి ఇనుప పుల్ల). మూసేస్తే లావుపాటి లెక్కల పుస్తకంలా ఉంటుంది. గాంధీ యెరవాడ జైల్లో ఉన్నప్పుడు ఈ తరహాది తయారైందని దీన్ని యెరవాడ చక్రం అని కూడా అంటారు. తాత పోయాక అమ్మ ఇన్నాళ్లూ దాంట్లో రేషన్ కార్డు, కరెంటు బిల్లులు దాచింది. బిల్లులు తీసేసి, తుడిచి, రెండు చుక్కలు మిషన్ ఆయిల్ వేస్తే తిరిగింది. మిషన్ ఆయిల్ మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కదా.

పత్తి మా తమ్ముడి చేలోది, మునుగోడు దగ్గర. రెండో ఏరుడుది ఒక సంచెడు తెచ్చుకున్నాను. అంతకుముందు ఆన్‌లైన్‌లో తయారు ఏకులు (వడకడానికి చుట్టిన దూది చుట్టలు) కొని చూశాను, ఎవరి దగ్గరని చెప్పను. తెరిస్తే దిండులోంచి తీసినట్టు ఉండలు ఉండలుగా ఉన్నాయి. అందుకే సొంతంగా మొదలుపెట్టాను. చపాతీ పీట మీద పత్తి పాయ పెట్టి, పాత గొడుగు కడ్డీతో ఒత్తి ముందుకు తోస్తే గింజ అవతలికి జారిపోతుంది. మొదటి గంట గింజలు పగిలాయి. రెండో గంటకి "టుప్" అని ఒక్కొక్కటే బయటికి దూకడం మొదలైంది. ఆ చప్పుడు కోసమే చేస్తూ కూర్చున్నానేమో కూడా. దూది ఏకడానికి విల్లు లేదు కదా, కుక్కల వెంట్రుకలు దువ్వే బ్రష్షులు రెండు కొన్నాను. (మాకు కుక్క లేదు. షాపాయన కుక్క పేరేంటి అని అడిగాడు.) దువ్విన దూదిని పెన్సిలుకి చుట్టి, పెన్సిలు లాగేస్తే ఏకు తయారు.

ఇక మంగళవారం సంగతి. పొద్దున ఆరున్నరకే స్కూటీ ముందు రాట్నం పెట్టుకుని పానగల్లు పోయాను. మా ఇంటి నుంచి మూడు, నాలుగు కిలోమీటర్లు. ఉదయసముద్రం కట్ట కింద ఒక వేపచెట్టు ఉంది, దాని కింద చాప వేసుకున్నాను. ఇప్పుడు ఆ చెరువు కృష్ణ కాలువ నీళ్లతో నిండుతుంది కాబట్టి కార్తీకంలో కూడా కట్ట అంచు దాకా నీళ్లే. నీళ్ల మీద పొగలా మంచు. రెండు బుడబుంగలు మునగడం, ఎక్కడో తేలడం. ఎక్కడ తేలుతాయో పందెం వేసుకున్నాను, నాలుగుసార్లూ ఓడిపోయాను. అవతల మొండి మోడు మీద నీటికాకి రెక్కలు చాపుకుని నిలబడింది, మా షాపులో హ్యాంగర్‌కి తగిలించిన జాకెట్‌లాగా.

అక్కడ నూలు వచ్చింది. నిజంగా వచ్చింది. ఎగుడుదిగుడుగా, అక్కడక్కడా కప్ప మింగిన పాములాగా బొడిపెలతో, కానీ తెగకుండా వచ్చింది. చెయ్యి చాపినంత మేర లాగడం, కదురు మీదికి చుట్టడం, మళ్లీ లాగడం. గంటన్నరలో నాలుగైదుసార్లు తెగిందేమో. పశువులు తోలుకొస్తున్న ఒక ముసలాయన ఆగి చూశాడు. "ఏం లాభం బిడ్డా" అని అంటాడనుకున్నాను. "నూనె చాలలేదు, అరుస్తోంది" అని వెళ్లిపోయాడు.

తర్వాత బొమ్మ వేశాను. నాకు డ్రాయింగు ఎవరూ నేర్పలేదు. జాకెట్ల డ్రాఫ్టింగు కోసం ఖాకీ కాగితం మీద గీసీ గీసీ చెయ్యి కొంచెం కుదిరింది, అంతే. తుమ్మచెట్టుకి గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి, ఈ కాలానికి అన్నీ ఖాళీ. ఒకటి గాలికి కింద పడి ఉంటే తెచ్చుకుని పక్కన పెట్టుకుని గీశాను. గీస్తుంటేనే కనపడింది: గూడు లోపలి గోడకి ఎండిన మట్టి ముద్దలు అంటించి ఉన్నాయి. నా బొటనవేలి గోరంత ముద్దలు. బయటి గడ్డి పోచల్లో ఒక్కదానికీ పురి లేదు, అన్నీ చీల్చిన పట్టీలే, ఒకదాని కిందికి ఒకటి దూర్చి బిగించినవి. అంటే పక్షి నూలు వడకదు, సరాసరి నేస్తుంది. నేను ఆ సగం పని దగ్గరే ఆగిపోయాను.

రాట్నం ముందు కూర్చున్న నా చేతుల్ని కూడా గీసుకున్నాను. సొంత చేతుల్ని ఎలా గీశావని అడక్కండి, ఒకసారి వడికి, ఆపి, గుర్తున్నంత గీసి, మళ్లీ వడికి చూసుకున్నాను.

పదకొండింటికి ఇంటికొచ్చాను. అన్నం తిని, ముందుగదిలో తలుపు దగ్గర వెలుతురుందని అక్కడ కూర్చున్నాను. అదే రాట్నం, అవే ఏకులు, అవే చేతులు. నూలు తెగింది. అతికితే మళ్లీ తెగింది. జానెడు కూడా రాలేదు. చక్రం నెమ్మదిగా తిప్పాను, గట్టిగా తిప్పాను, ఏకు మార్చాను. తెగుతూనే ఉంది. కోపమొచ్చి అది కూడా బొమ్మ వేశాను, అదే కాగితం మీద కింది సగంలో. రెండు బొమ్మలూ ఫొటో తీసి పెడుతున్నాను.

నా ప్రశ్నలు: పొద్దున తెగని నూలు మధ్యాహ్నం ఎందుకు తెగుతోంది? ఈ బొడిపెల నూలుతో ఏమైనా నేయించుకోవచ్చా, లేక జాడీ మూతకి కట్టుకోవడానికేనా?

లెక్కల మనిషి

అమ్మా, కుట్టు దారం రీలు కొట్లో ఎంత చవకో మీకే బాగా తెలుసు. ఒక రోజు షాపు మూసుకుని ఎంత దారం తీశారు, ఎంత నష్టపోయారు, అది కూడా రాయండి.

పడుగు పేక, పోచంపల్లి పక్క ఊరు

చెల్లెమ్మా, మీ బొమ్మలు చూసి నవ్వుకున్నాను. మీ జవాబు మీరే గీసి పెట్టుకున్నారు.

పై బొమ్మ చూడండి. కదురు మొన ఎడమకి ఉంది. మీ ఎడమ చెయ్యి బాగా వెనక్కి, పక్కకి చాపి ఉంది. నూలు కదురు మొన మీదుగా, దాదాపు మొన చూస్తున్న దిక్కుకే, కొంచెం వాలుగా పోతోంది. ఇప్పుడు కింది బొమ్మ చూడండి. నూలు కదురుకి అడ్డంగా ఉంది. మీ దగ్గర ఎల్ స్కేలు ఉంటుంది కదా, సరిగ్గా దాని మూల. ఎందుకంటే మీ మోచేతి పక్కనే తలుపు రెక్క ఉంది, దాన్ని కూడా బుద్ధిగా గీశారు. చెయ్యి చాపడానికి చోటు లేక మీ వైపుకి లాక్కున్నారు.

వాలుగా పట్టుకుంటే కదురు తిరిగిన ప్రతి చుట్టుకీ నూలు మొన మీద నుంచి జారిపోతుంది. జారిన ప్రతిసారీ నూలులోకి ఒక పురి ఎక్కుతుంది. అడ్డంగా పట్టుకుంటే జారదు, కదురుకి చుట్టుకుంటుంది. ఒకవైపు మీరు లాగుతున్నారు, ఇంకోవైపు కదురు లాక్కుంటోంది, మధ్యలో పురి ఎక్కని దూది. తెగక ఏం చేస్తుంది? చుట్టేటప్పుడు మాత్రమే చెయ్యి అడ్డంగా రావాలి. వడికేటప్పుడు వాలు, చుట్టేటప్పుడు ఎల్ స్కేలు. చెవితో కూడా పట్టుకోవచ్చు. సరిగ్గా ఉంటే మొన దగ్గర సన్నగా టిక్ టిక్ టిక్ అని వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగిందంటే చెయ్యి తప్పు చోట ఉన్నట్టు.

ఇంకో కారణం కూడా ఉంది, మీ చెరువు. పొద్దున నీళ్ల పక్కన గాలిలో తేమ. తేమ ఉంటే పత్తి పోగు మెత్తగా ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, చిన్నా చితకా తప్పుల్ని కాచుకుంటుంది. మధ్యాహ్నం ఎండుగాలికి పోగు పెళుసెక్కుతుంది. మా గుంత మగ్గం నేలలో ఎందుకుంటుందనుకున్నారు? కాళ్లకి చోటు కోసం సరే, ఆ గుంతలోంచి వచ్చే చెమ్మ పడుగుకి (మగ్గం మీది నిలువు పోగులకి) తగులుతుంది. ఎండాకాలం మా నాయన గుంతలో నీళ్లు చిలకరించి గానీ కూర్చునేవాడు కాదు. మిల్లుల్లో కూడా ఇదే పని యంత్రాలతో చేస్తారు. మీరు ఇంట్లో అయితే ఒక తడి తువాలు పక్కన ఆరేసుకోండి, ఏకుల్ని మాత్రం తడపొద్దు.

ఏకు గురించి ఒక మాట. పెన్సిలుకి చుట్టేటప్పుడు గట్టిగా నొక్కుతున్నారని ఫొటోలో తెలుస్తోంది, చుట్టలాగా ఉంది. వదులుగా చుట్టండి. ఊదితే ఎగిరిపోయేలా ఉండాలి. వడికేటప్పుడు కూడా ఏకుని వేళ్ల మధ్య పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టే పట్టుకోవాలి. భయపడి నొక్కితే పోగులు కదలవు. శ్రీకాకుళం పొందూరు వాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు, ఆ సన్నటి పళ్ల మధ్య పోగులన్నీ ఒకే వైపుకి తిరుగుతాయి. మీ కుక్కల బ్రష్షు కూడా అదే పని చేస్తోంది, సిగ్గుపడాల్సిందేం లేదు.

నూలు నంబరు (ఎంత పెద్దదైతే నూలు అంత సన్నం) తెలుసుకోవడం తేలిక. టేపుతో 17 మీటర్లు కొలవండి, బంగారం కొట్లో తూకం వేయించండి. ఒక గ్రాము తూగితే మీది 10వ నంబరు. అర గ్రామే తూగితే 20వ నంబరు. పౌనుకి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అదే నంబరు అన్నది పాత లెక్క, దాన్నే గ్రాముల్లోకి దించితే ఇలా వస్తుంది. మేము చీరలకి వాడే నూలు 80, 100 నంబర్ల దాకా పోతుంది కాబట్టి నాకు మీ నూలు తాడులాగా కనపడుతోంది, ఏమీ అనుకోవద్దు. కానీ తువాలుకి మంచిది, నీళ్లు పీలుస్తుంది.

పడుగుకి మాత్రం వద్దు. పడుగు బిగుతుకి, అచ్చు (పోగుల్ని విడదీసే దువ్వెన) రాపిడికి మొదటిసారి వడికిన నూలు ఆగదు. పడుగు మిల్లు నూలు పెట్టి, పేకకి (అడ్డం పోగులకి) మీది వాడమనండి. ముందు చిలప చుట్టి, కొంచెం సబ్బు వేసిన నీళ్లలో ఉడికించి, పిండి, కింద చిన్న బరువు కట్టి ఆరేయండి. లేకపోతే పురి తిరగబడి నూలంతా మెలికలు పడుతుంది.

భుజం జాగ్రత్త. మా అమ్మ ఇరవై ఏళ్లు ఆసు పోసింది (చీర నూలుని మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని), ఇప్పుడు కుడి చెయ్యి పైకి లేవదు. ఆలేరు వైపు మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం చేసింది వాళ్లమ్మ ఇదే నొప్పి పడుతుంటే చూడలేకనే, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి అమ్మకి ఆలస్యమైపోయింది. మీరు పగలంతా మిషన్ తొక్కి, రాత్రి రాట్నం తిప్పొద్దు.

గొంగడి భుజం, మక్తల్ వైపు

అక్కా, నాది పత్తి కాదు, ఉన్ని. మేం కురుమలం. నేను ఇప్పుడు సిటీలో డ్రైవింగు చేస్తున్నా గానీ మా అవ్వ వడికేది, నేను చూస్తూ పెరిగాను.

అవ్వ మందలోని నల్ల గొర్రెల ఉన్ని వడికేది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించేవాళ్లు. కత్తిరించిన రోజు ఇల్లంతా గొర్రె వాసన, మూడు రోజుల దాకా పోదు. ఆ ఉన్నిని కట్టెతో కొట్టి దులిపి, ఏకి, సాయంత్రం అరుగు మీద కూర్చుని రాట్నం పెట్టేది. పురి తక్కువ పెట్టేది. నేను చిన్నప్పుడు గొప్పగా గట్టిగా తిప్పితే నూలు ముడుచుకుపోయి మెలికలు పడేది. "ఎందుకురా అంత కోపం, అది గొంగడి కావాలి, పలుపు కాదు" అనేది. మీరు కూడా గట్టిగా తిప్పానని రాశారు కాబట్టి గుర్తొచ్చింది.

నేసిన గొంగడికి చింతగింజల గంజి పట్టించి ఆరబెడతారు. కొత్త గొంగడి కప్పుకుంటే ఆ గంజి వాసనకి నిద్ర పట్టేది కాదు, రెండు వానలు తడిస్తే గానీ మెత్తబడదు. వానలో గొంగడిని కొప్పెరగా తల మీంచి వేసుకుంటే నీళ్లు పైనుంచే జారిపోతాయి, లోపల చెమట పడుతుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు మా ఊళ్లో గొర్రెలున్నాయి గానీ చాలావరకు నెల్లూరు రకం, వాటికి ఉన్ని ఉండదు, మాంసానికే. నల్ల ఉన్ని గొర్రెలు ఒకరిద్దరి దగ్గర మిగిలాయి. అవ్వ రాట్నం కదురు ఇంకా ఇంట్లో ఉంది, చక్రం పోయింది. మా అమ్మ ఆ కదురుతో వంకాయలు కాల్చుకుంటోంది.

మీకు కావాలంటే ఒక సంచెడు ఉన్ని పంపిస్తాను. డబ్బులొద్దు, ఎలాగూ కత్తిరించి పారబోస్తున్నారు. ఉన్ని పోగు పత్తికంటే పొడుగు కాబట్టి మొదటిసారి వడికేవాళ్లకి తేలిక అని అవ్వ కూడా అనేది. కడుక్కోవాల్సింది మాత్రం మీరే. మీ ఆయన్ని ముందే అడగండి, వాసన సంగతి నేను చెప్పాను.

గీతల సారు, మహబూబ్‌నగర్

రిటైరైన డ్రాయింగు మాస్టారిని. నూలు సంగతి నాకు తెలియదు, బొమ్మల సంగతి రాస్తాను.

ముందు, తలుపు రెక్క గీసినందుకు శభాష్. ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పాను, చుట్టూ ఉన్నది వదిలేసి కేవలం వస్తువు గీయొద్దని. ఎవరూ వినలేదు. మీరు కోపంలో గీశారు కాబట్టి కనపడిందల్లా గీసేశారు.

నూలు పోగుని రెండు నల్ల గీతలతో గీశారు, అందుకే అది ఇనుప తీగలా ఉంది. ఖాకీ కాగితం మీద గీస్తున్నారు కదా, మీ దగ్గర బట్ట మీద గుర్తులు పెట్టే తెల్ల చాక్ ఉంటుంది. దాన్ని బ్లేడుతో సన్నగా చెక్కి, నూలుకి ఒక్క తెల్ల గీత పెట్టండి. దాని వెనక చీకటిని పెన్సిలుతో కొంచెం ముదురు చేయండి. పోగు ముందుకి వస్తుంది. గిజిగాడి గూడులో ప్రతి పోచనీ గీయాలని చూశారు, ఒక మూలకి వచ్చేసరికి విసుగొచ్చింది, అది తెలుస్తోంది. వెలుగు పడే చోట పదిహేను పోచలు గీస్తే చాలు, మిగతాది నీడగా వదిలేయండి.

నీడ గురించి చెప్పాలంటే, మీరు కూర్చున్న చోటికి దగ్గర్లోనే ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్లలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక నీడ నిలబడి ఉంటుంది, సూర్యుడు ఎటు తిరిగినా. మంటపం స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుగుతో పడే నీడ అది. వచ్చేవారం అది గీయండి. అంచు కోసం వెతకొద్దు, దానికి పదునైన అంచు లేదు. పెన్సిలుని పడుకోబెట్టి గీయాలి. నేను మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ స్తంభమే వచ్చింది గానీ నీడ రాలేదు.

మా ఊళ్లో పిల్లలమర్రి ఉంది, ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగింది. చెదలు పట్టిందని తర్వాత చెట్టుకి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఆ సీసాల చెట్టు బొమ్మ మాత్రం నాకు బాగా వచ్చింది.

గడియారం సెంటర్ టైలరమ్మ, నల్లగొండ

వారం తర్వాత రాస్తున్నాను. అందరికీ పేరుపేరునా థాంక్స్.

పడుగు పేక అన్నా, తలుపే. మీరు రాసింది చదివి, ఆ రాత్రే లేచి తలుపు పక్కన కూర్చున్నాను. మా ఆయన "ఈ టైములో ఏంటి" అన్నాడు. చెయ్యి మోచేతి దగ్గర రెక్కకి తగిలింది, మీరు ఫొటోలో చూసింది నాకు తగిలితే గానీ తెలియలేదు. రాట్నం గది మధ్యకి లాగాను. మొదటి రెండుసార్లు తెగింది. మూడోసారి చెయ్యి వెనక్కి, పక్కకి పోనిచ్చాను. టిక్ టిక్ అని వినపడింది. ఇంత చిన్న చప్పుడు చెరువు దగ్గర కూడా వచ్చే ఉంటుంది, అక్కడ పిట్టల గోలలో నేను వినలేదు. నిన్న మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, మంచి ఎండలో, తడి తువాలు పక్కన ఆరేసుకుని, కిటికీ వేసి కూర్చున్నాను. గంటలో మూడుసార్లే తెగింది. అందులో ఒకటి ఫోను మోగి ఉలిక్కిపడ్డందుకు.

బంగారం కొట్లో తూకం వేయించాను. వాళ్ల జాకెట్లు నేనే కుడతాను కాబట్టి కాదనలేదు. 17 మీటర్లకి 1.4 గ్రాములు వచ్చింది, అంటే ఏడో నంబరు. కొట్టాయన పక్కన పెట్టిన గొలుసు చూసి, నా నూలు చూసి, "ఇది కూడా తరుగు తీయాలా" అన్నాడు. మొత్తం తొమ్మిది గ్రాములు, అంటే నూట తొమ్మిది మీటర్లు. చిలప నా కుర్చీ వీపుకి చుట్టాను. సబ్బు నీళ్లలో ఉడికించి, కత్తెర కట్టి ఆరేశాను. పత్తిలో ఇంత జిడ్డు ఉంటుందనుకోలేదు, నీళ్లు చాయ్ రంగులోకి మారాయి. ఆరాక తెల్లగా, మెత్తగా ఉంది. మెలికలు రెండు చోట్ల ఉన్నాయి.

లెక్కల అన్నా, మీకు లెక్క. ఒక రోజు షాపు మూసినందుకు నాలుగు జాకెట్ల కూలి పోయింది. ఆర్డర్ల పుస్తకంలో ఆ తారీఖు పేజీలో కూలి రాసే చోట గిజిగాడి గూడు బొమ్మ ఉంది. ఒక కస్టమరు కొలతలు రాయించుకుంటూ చూసి, "ఇది నా జాకెట్ వెనక డిజైనుగా పెట్టవా" అని అడిగింది. కుదరదని చెప్పాను. మగ్గం వర్కు వాళ్లకి ఇచ్చి చూస్తానేమో.

గొంగడి తమ్మీ, ఉన్ని పంపించు, మా ఆయన ఒప్పుకున్నాడు. వాసన సంగతి ఇంకా చెప్పలేదు. నల్లది ఉంటే నల్లదే పంపు.

సారూ, నీడ గీయడానికి పోయాను. నిన్న పొద్దున ఛాయా సోమేశ్వరాలయంలో గంటసేపు కూర్చున్నాను. గుడి చల్లగా ఉంది, బయట పొలాల్లో ఒక పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని ఎగిరినప్పుడల్లా నీలం మెరిసింది, దాన్ని చూస్తూ పావుగంట గీయడమే మర్చిపోయాను. మీరు చెప్పినట్టు పెన్సిలు పడుకోబెట్టాను. నాకు కూడా స్తంభమే వచ్చింది. చాక్‌తో నూలు గీత పెట్టిన బొమ్మ మాత్రం కుదిరింది, కింద పెడుతున్నాను. పోగు మీద బొడిపెలు కూడా పెట్టాను, ఉన్నవి ఉన్నట్టు.

పానగల్లు కట్ట మీద ఆ పశువుల ముసలాయన మళ్లీ కనపడ్డాడు. ఈసారి రాట్నం దగ్గరికి వంగి చెవి పెట్టి విన్నాడు. "నూనె వేశావు" అన్నాడు. తర్వాత పెద్ద చక్రం నుంచి చిన్న చక్రానికి పోయే తాడు వేలితో నొక్కి చూసి, "ఇది జారుతోంది" అన్నాడు. నిజమే, తాడు వదులైంది, తాత కాలందే అది. మిషన్ బెల్టు ముక్క ఒకటి పెట్టి చూశాను, లావై గాడిలో కూర్చోవడం లేదు. దీనికి నూలు తాడే పేనాలా, గాలిపటాల మాంజా లాంటిది పనికొస్తుందా? అన్నా, మీరే చెప్పాలి. ఈ శనివారం లోపు చెప్తే మంగళవారానికి సిద్ధం చేసుకుంటాను.